పేరే రాజపదమైన ప్రభువు

తెలుగునాట ‘రాయలు’ అన్న మాట వినబడగానే శ్రీకృష్ణదేవరాయలే జ్ఞప్తికి వచ్చును. రాజు అను అర్థముగల సామాన్యనామము తక్కిన రాజులనెల్ల వెనుకకు నెట్టి ఒక్క ప్రభువును పట్టుకొన్నది. ఐరోపాఖండమున దీనికి సరిగా విపరీతమైన వింత యొకటి జరిగినది. అచ్చట ఒక వ్యక్తి పేరు కొన్ని జాతుల భాషలలో రాజు అను అర్థమునే సంపాదించుకొన్నది. రష్యనులు ‘కొరోల్’ అనుచున్నారు; పోలెండువారు ‘క్రూల్’ అనుచున్నారు; చెక్కులు ‘క్రాల్’ అనియు, సెర్బులు, క్రొయేషియనులు ‘క్రాల్య్’ అనియు, బల్గేరియనులు ‘క్రల్’ అనియు పలుకుచున్నారు. ఇవన్నియు రాజు అను మాటకు వారి భాషలలోని రూపములు. పన్నెండువందల యేండ్ల క్రిందట జీవించిన ఒక ఫ్రాంకు ప్రభువు పేరే ఈ మాటలన్నింటిలోను దాగియున్నది. ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు కార్ల్. లాటిను వ్రాతలలో అది కరోలుస్. మన పాఠ్యపుస్తకములలో ఆయన షార్లమేన్.

ఆయన స్లావుజాతివాడు కాడు. స్లావులపై దండెత్తి వారిచేత కప్పము కట్టించుకొన్నవాడు. ఆయన యేలుబడిలోని పడమటి ప్రజల నోట లాటిను క్రమముగా మారి ఫ్రెంచి, ఇటాలియను, స్పానిషు మున్నగు రొమాన్సు భాషలగుచుండెను. ఆ భాషలలో ఆయన పేరు నేటికిని పేరుగానే యున్నది. రాజు అను అర్థము దానికి రాలేదు. ఏలినవారి యింట పేరుగా మిగిలిన మాట, ఎదిరించి యోడినవారి యింట రాజపదమైనది. ఈ భేదమునకు కారణము ఆయన జీవితమునందే కలదు.

కార్ల్ అను మాటకు ప్రాచీన జర్మానిక్ భాషలలో స్వతంత్రుడైన మనిషి, మగవాడు అని అర్థము. అందు రాచరికపు వాసనయే లేదు. ఆ మాటయే ఇంగ్లీషున ‘చర్ల్’ అయి మోటువాడు అను నిందార్థమునకు దిగజారినది. జర్మనున ‘కెర్ల్’ అయి చనవుగా నొకని పేర్కొను మాటయైనది. ఇంత సామాన్యమైన పేరును ఫ్రాంకు వంశమున మొదట ప్రసిద్ధికి దెచ్చినవాడు షార్లమేన్ తాత. 732లో ప్వాతియే సమీపమున అరబ్బు సైన్యమును నిలువరించిన చార్లెస్ మార్టెల్ ఆయనయే. ఆయన రాజు కాడు, రాజప్రాసాదాధికారి మాత్రమే. మన సంస్థానముల దివానును తలచుకొన్నచో ఆ పదవి కొంత బోధపడును. అధికారమంతయు దివానుది, కిరీటము మాత్రము వేరొకనిది. మార్టెల్ కుమారుడు పొట్టి పిపిన్ 751లో ఆ తెరను తొలగించి తానే రాజయ్యెను.

పిపిన్‌కు బెర్త్రాదా యందు పుట్టిన పెద్దకొడుకు కార్ల్. ఆయన పుట్టిన యేడు 742 అని చాలకాలము వ్రాయుచు వచ్చిరి. 748 అని నేటి చరిత్రకారులలో అధికుల అభిప్రాయము. 768లో తండ్రి మరణింపగా రాజ్యము అన్నదమ్ము లిరువురకు పంపకమయ్యెను. తమ్ముడు కార్లొమన్‌తో కార్ల్‌కు పొత్తు కుదరలేదు. 771లో ఆ తమ్ముడు ఆకస్మికముగా మరణించుటతో ఫ్రాంకు రాజ్యమంతయు ఒక్కచేతికి వచ్చెను. అది మొదలు 814 వరకు ఆయన కత్తి ఒరలో నిలిచిన వేసవులు మిక్కిలి తక్కువ.

774లో ఇటలీలోని లంబార్డుల రాజధాని పావియా లొంగిపోయెను. 778లో స్పెయినుపై చేసిన దండయాత్ర నిష్ఫలమయ్యెను. తిరుగుదారిలో పిరెనీసు కనుమలయందు బాస్కులు సైన్యపు వెనుకభాగమును నరికివైచిరి. అచ్చట కూలిన రోలాండును గూర్చి తరువాతి శతాబ్దములలో గొప్ప వీరగాథలు పుట్టినవి. 788లో బవేరియా ప్రభువు పదవీచ్యుతుడయ్యెను. ఇవన్నియు ఒకయెత్తు, శాక్సనులతో యుద్ధము ఒకయెత్తు. 772లో మొదలైన ఆ పోరు 804 వరకు, ముప్పది రెండేండ్లు సాగినది. శాక్సనులు తమ పాతదేవతలను విడువలేదు. వారు పూజించు పవిత్రస్తంభమును కార్ల్ మొదటి దండయాత్రలోనే పడగొట్టించెను. వారు లొంగుదురు, సైన్యము మరలగానే తిరుగబడుదురు. 782లో వెర్డెన్ అనుచోట ఒక్కనాడే 4,500 మంది శాక్సనుల తలలు కొట్టించినట్లు ఆనాటి రాజ్యవృత్తాంతములు వ్రాయుచున్నవి. ఆ సంఖ్యను శంకించు పండితులు కలరు గాని, ఆ దారుణమును కాదనువారు అరుదు. 785లో శాక్సను నాయకుడు విడుకిండ్ బాప్తిస్మము పొందెను. చివరకు 804లో ఎల్బ్ నదికి ఆవలి శాక్సనులను ఆలుబిడ్డలతో గూడ పెకలించి, ఫ్రాంకుల నేలలో అచ్చటచ్చట నాటిరి.

ఎల్బ్ నది దాటినచో స్లావుల దేశము. వారికి ఒక రాజ్యము లేదు, ఒక రాజు లేడు. ఒబొద్రితులు, విల్చీలు, సోర్బులు, చెక్కులు ఇట్లు తెగలు తెగలుగా నుండిరి. తెగపెద్దను వారు ‘క్నేజ్’ వంటి మాటతో పిలుచుచుండిరి. ఆ మాటయు వారు పూర్వమెన్నడో జర్మానిక్ జాతులనుండి తెచ్చుకొన్నదే. ఇంగ్లీషు ‘కింగ్’కు అది జ్ఞాతి. కాని వాడుకలో దానికి చిన్నదొర, నాయకుడు అను పాటి అర్థమే స్థిరపడెను.

శాక్సను దేశము ఫ్రాంకుల వశమగుకొలది కార్ల్ ఈ తెగలకు ఇరుగుపొరుగయ్యెను. 789లో ఆయన ఎల్బ్ నదిపై రెండు వంతెనలు కట్టించి, సైన్యముతో దాటి విల్చీలపై బడెను. వారి వృద్ధనాయకుడు ద్రాగోవిత్ తన జనులతో గూడ వచ్చి లోబడి, బందీలను హామీగా నిచ్చెను. ఒబొద్రితులు మొదటినుండియు కార్ల్ పక్షమువారు. వారి నాయకుడు విత్సాన్‌ను 795లో శాక్సనులు చంపిరి. 804లో ఖాళీచేయించిన శాక్సనుల భూములు కొంతకాలము ఒబొద్రితులకే దక్కినవి. పొరుగువానిని లొంగదీయుటకు పొరుగువాని పొరుగును చేరదీయుట మన నీతిశాస్త్రకారులకు తెలియనిది కాదు.

దక్షిణమున డాన్యూబు తీరమున అవారులు ఉండిరి. వీరు స్లావు తెగలను అనేకములను రెండువందల యేండ్లుగా అణచియుంచిన ఆశ్వికజాతి. 791లో కార్ల్ స్వయముగా వారిపై నడచెను. 793లో రైను, డాన్యూబు నదుల పరీవాహములను కలుపుటకు బవేరియాలో కాలువ త్రవ్వింప నారంభించెను. ఎడతెగని వానలకు గట్లు జారిపోవుటచే ఆ పని నిలిచిపోయెనని వృత్తాంతకర్తలు వ్రాసిరి. ఆ కందకపు జాడ నేటికిని అచ్చట చూడవచ్చును. 795, 796 సంవత్సరములలో ఫ్రాంకు సేనలు అవారుల కోటను కొల్లగొట్టినవి. మొదట చొరబడిన దండులో వొయ్నొమిర్ అను స్లావు నాయకుడును ఉండెను. నాలుగేసి యెడ్లు లాగిన పదునైదు బండ్లపై ఆ ధనము తరలివచ్చినదని ఇంగ్లండులో నొక వృత్తాంతకర్త వ్రాసికొన్నాడు. అవారుల పేరు కొన్ని యేండ్లలోనే చరిత్రనుండి తుడిచిపెట్టుకొనిపోయెను. ఇన్ని తరములు తమ్ము త్రొక్కినవారిని ఒక్క ప్రభువు నేలమట్టము చేయుట స్లావులు కన్నులార చూచిరి.

805లో తియోన్‌విల్ అనుచోట వెలువడిన రాజాజ్ఞయొకటి ఆ సరిహద్దు జీవితమును కండ్లకు గట్టును. స్లావులతోను అవారులతోను వ్యాపారము చేయు వర్తకులు ఏయే ఊళ్లవరకు పోవచ్చునో అందు నిర్ణయించిరి. ఉత్తరమున బార్డొవిక్ మొదలుకొని మాగ్డెబుర్గ్, ఎర్ఫుర్ట్‌ల మీదుగా దక్షిణమున రేగెన్స్‌బుర్గ్, లోర్ఖ్‌ల వరకు ఆ ఠాణాల వరుస సాగును. ఆయుధములు, కవచములు మాత్రము అమ్మరాదు. అమ్మినచో సరకంతయు జప్తు. కావున ఆ ఠాణాలకు వచ్చిన ప్రతి స్లావు వర్తకునకును కార్ల్ అనుమతి, కార్ల్ శాసనము, కార్ల్ అధికారి తారసపడుచుండిరి. ఆ సంవత్సరమే బోహీమియాపైకి, మరుసటియేట సోర్బులపైకి దండు నడపిన రాజకుమారుని పేరును కార్ల్! బోహీమియాలో లెఖ్ అను నాయకుడు, సోర్బులలో మిలిదుఖ్ అను నాయకుడు ఆ పోరులలో కూలిరి. తండ్రి పేరు కార్ల్, వచ్చిన కొడుకు పేరు కార్ల్, అంతకుముందు తాత పేరు కార్ల్. దూరమునుండి చూచువారికి అది మనిషి పేరో పదవి పేరో తెలియకుండుట సహజమే. అట్లే అది పదవి పేరైనది. రోములోని సీజరు ఇంటిపేరు జర్మనులకు ‘కైజరు’గను, రష్యనులకు ‘జారు’గను మారిన తీరు ఇటువంటిదే, దానిని మన విద్యార్థులు ఎరుగుదురు.

ఇక ఆ పేరు స్లావుల నోట ఎట్లు మారినదో చూడవలెను. ఇది తెలుగువారికి ప్రత్యేకముగా రుచించు విషయము. కార్ల్ అనుచోట అచ్చు ముందు, రేఫము వెనుక. చెక్కు ‘క్రాల్’ నందు రేఫము ముందుకు జరిగినది, అచ్చు వెనుకబడి దీర్ఘమైనది. తమిళ ‘మరం’ తెలుగున ‘మ్రాను’ అయినది. అచ్చటి ‘ఉరల్’ మన ‘రోలు’ అయినది. మన వ్యాకర్తలు వర్ణవ్యత్యయమను పేరిట చెప్పునది ఇదియే. స్లావు భాషలలో ఇది ఏ ఒక్క మాటకో పట్టిన గ్రహచారము కాదు, నియమము. కోట, పట్టణము అను అర్థముగల మాట చెక్కున ‘హ్రద్’, సెర్బియనున ‘గ్రాద్’, పోలిషున ‘గ్రూద్’, రష్యనున ‘గొరొద్’. దీనిప్రక్కన ‘క్రాల్, క్రాల్య్, క్రూల్, కొరోల్’ ఉంచి చూచినచో రెండు వరుసలును ఒకే అచ్చున పోసినట్లుండును. దక్షిణపు భాషలలోను చెక్కునను ‘రా’, పోలిషున ‘రొ’ (అదియే తరువాత ‘రూ’ అయినది), రష్యనున రేఫమునకు ఇరుప్రక్కల ఒకారము. అన్ని భాషలును తమతమ దారిని ఒకే నియమమును పాటించినవి.

దీనివలన భాషాశాస్త్రజ్ఞులకు ఒక గడియారము దొరికినట్లయినది. ప్రాచీన స్లావు భాషకు ఆ కాలపు వ్రాతలు లేవు. ఏ మార్పు ఎప్పుడు జరిగినదో చెప్పుట దుర్ఘటము. కార్ల్ పేరు ఈ మార్పునకు లోనైనది గనుక, ఆయన జీవితకాలమున, అనగా 800 ప్రాంతమున, ఆ మార్పు ఇంకను నడచుచుండెనని వారు లెక్కగట్టిరి. ఈ వాదమునందు సందేహించువారును లేకపోలేదు. మార్పు ముగిసిన పిదపకూడ పాతమాటల పోలికనుబట్టి క్రొత్తమాటను మలచుకొనవచ్చునని కొందరు, ఆ పేరు తాతయైన మార్టెల్‌దే కావచ్చునని మరికొందరు అనిరి. అయినను షార్లమేన్ పక్షమే నేటికిని బలముగా నున్నది. శబ్దవ్యుత్పత్తులలో ఇంత తృప్తికరమైనది దొరకుట అరుదు.

800 డిసెంబరు 25వ తేదీన రోము నగరమున పోపు మూడవ లియో కార్ల్ శిరస్సుపై చక్రవర్తి కిరీటము నుంచెను. ముందుగా తెలిసియున్నచో ఆనాడు దేవాలయమున అడుగుపెట్టకపోయెడివాడనని ఆయన అన్నట్లు చరిత్రకారుడు ఐన్‌హార్డ్ వ్రాసినాడు. చక్రవర్తి బిరుదము నిజమునకు కాన్‌స్టాంటినోపిల్‌ది; అచ్చటి రాయబారులు ఆఖెన్‌కు వచ్చి ఆయనను చక్రవర్తిగా సంబోధించుటకు 812 వరకు పట్టినది. స్లావుల మాటలలోను ఈ తారతమ్యము కనబడును. కాన్‌స్టాంటినోపిల్ ప్రభువు వారికి సీజరు పేరిట జారు. పడమటి ప్రభువు కార్ల్ పేరిట క్రాల్. చక్రవర్తి కిరీటము ధరించినవాని పేరు రాజు అను అర్థముననే నిలిచిపోవుట చిత్రమే.

ఇంతటి యోధునకు భాషయందు గల మమకారము ఆశ్చర్యము గొలుపును. ఆయన మాతృభాష ఫ్రాంకిష్, అది జర్మానిక్ భాష. లాటిను ధారాళముగా మాటలాడెడివాడు, గ్రీకు వినిన బోధపడెడిది. వ్రాత మాత్రము చిన్ననాట అబ్బలేదు. నడివయస్సు దాటిన పిమ్మట పలకలు తలగడక్రింద నుంచుకొని, తీరిక దొరికినప్పుడెల్ల అక్షరములు దిద్దుకొనుచుండెననియు, ఆలస్యముగా మొదలిడుటచే ఆ యత్నము అంతగా ఫలింపలేదనియు ఐన్‌హార్డ్ చెప్పినాడు. మాసములకును, గాలులకును తన భాషలో పేళ్లు పెట్టెను. తన మాతృభాషకు వ్యాకరణము రచింప నారంభించెను. ఇంగ్లండులోని యార్క్ నుండి ఆల్క్విన్ అను పండితుని రప్పించి, పుత్రపుత్రికలతో పాటు తానును విద్యార్థియయ్యెను. 789 నాటి శాసనమున మఠములయందును, బిషప్పుల పీఠములయందును బాలురకు చదువు చెప్పు బడులు పెట్టవలెనని ఆజ్ఞాపించెను. ఆయన కాలమున రూపుదిద్దుకొన్న గుండ్రని లాటిను చిన్నక్షరములే, ఇటలీ పండితుల పునరుద్ధరణ వలన, నేటి ఇంగ్లీషు పుస్తకముల చిన్నబడి అక్షరములైనవి. మన విద్యార్థి నాలుగుగీతల పుస్తకమున దిద్దు అక్షరముల వెనుక ఆ వ్రాతగది కలదు.

లాటిను విద్యను ఆయన బాగుచేయుకొలది ఒక నిజము బయటపడెను. పండితుల లాటిను శుద్ధమగుచుండగా, పామరుల మాట దానికి ఎంత దూరము పోయినదో తేటతెల్లమయ్యెను. ఆయన మరణించుటకు ముందటియేడు, 813లో, తూర్ నగరమున కూడిన మతాచార్యులు ప్రసంగములను ప్రజలకు తెలియు పల్లెటూరి రోమను మాటలోనో, జర్మానిక్ మాటలోనో చెప్పవలెనని తీర్మానించిరి. రొమాన్సు భాష లాటినుకంటె వేరని అధికారికముగా ఒప్పుకొన్న తొలి సందర్భములలో ఇది ముఖ్యమైనది. ఆ పల్లెటూరి మాటలో కరోలుస్ ఎట్లు నలిగినదో ఫ్రెంచి చెప్పును. ‘క’కారము ‘చ’కారమై, తరువాత ‘ష’కారమై, షార్ల్ అయినది. ఇటలీలో కార్లో, స్పెయినులో కార్లోస్. గొప్ప అను అర్థముగల మాన్యుస్ అను విశేషణము పేరుతో కరగి కలిసిపోయి షార్లమేన్ పుట్టినది.

కాని ఏ భాషలోను అది రాజు కాలేదు. కారణము స్పష్టము. ఆ భాషలకు లాటిను తల్లి యిచ్చిన రాజపదము ఇంటనే యున్నది. ‘రెక్స్’ అను ఆ మాట ఫ్రెంచిలో ‘ర్వా’, ఇటాలియనులో ‘రె’, స్పానిషులో ‘రెయ్’. సంస్కృతపు ‘రాజన్’ దీనికి తోబుట్టువు. కావున స్పానిషు ‘రెయ్’, మన ‘రాయలు’ దూరపు చుట్టములే. సొంతసొమ్ము ఉన్నవారు అప్పు చేయరు. ఫ్రెంచివారి చీట్లపేకలో మాత్రము ఆటీను రాజునకు షార్ల్ అని పేరు. అది ఈ ప్రభువు పేరని సంప్రదాయము.

ఆయన రూపమును గూర్చి ఐన్‌హార్డ్ వ్రాసిన వర్ణన ప్రసిద్ధము. ఎత్తరి, మెడ పొట్టిది, పొట్ట కొంచెము ముందుకు. గొంతు మాత్రము దేహమునకు తగని సన్నని గొంతు. కాల్చిన మాంసము మానుమన్న వైద్యులన్న ఆయనకు గిట్టదు. ఆఖెన్‌లోని వేడినీటి బుగ్గలలో ఈదుట మహాసరదా. ఒక్కొక్కప్పుడు నూరుగురతో గూడి దిగెడివాడు. బాగ్దాదు ఖలీఫా హరూనల్ రషీదు పంపిన అబుల్ అబ్బాస్ అను ఏనుగు 802లో ఆఖెన్ చేరి, ఎనిమిదేండ్లు బ్రతికి 810లో చనిపోయెను. ఆ యేనుగు మరణమునుగూడ రాజ్యవృత్తాంతములలో వ్రాసికొనిరి. అదేయేట ఇటలీలో నొక కొడుకు పిపిన్, మరుసటియేట స్లావులపై దండు నడపిన కార్ల్ తండ్రికంటె ముందుగా మరణించిరి. మిగిలిన లూయీకి 813లో కిరీటము పెట్టి, 814 జనవరి 28న ఆయన ఆఖెన్‌లో కన్ను మూసెను. తాను కట్టించిన దేవాలయముననే సమాధి చేసిరి.

సామ్రాజ్యము మూడుతరములు నిలువలేదు. 842లో మనుమలిద్దరు స్ట్రాస్‌బూర్గులో సైన్యముల యెదుట చేసిన ప్రమాణములు రొమాన్సు భాషలో దొరకిన మొదటి వ్రాతగా పేరొందినవి. 843లో వెర్డున్ ఒడంబడికతో భూమి మూడుముక్కలయ్యెను. పేరు మాత్రము తూర్పున పయనము సాగించెను. క్రొయేషియాలో క్రక్ ద్వీపమున 1100 ప్రాంతపు శిలాఫలకము ఒకటి కలదు. అందు జ్వొనిమిర్ అను ప్రభువు పేరిప్రక్కన క్రాల్ బిరుదము గ్లాగొలితిక్ లిపిలో చెక్కియున్నది. సెర్బియా ప్రభువు దుషాన్ 1346 వరకు క్రాల్, ఆ యేట జారుగా కిరీటము ధరించినాడు. రష్యాలో మొదటినుండియు పడమటి దేశముల రాజులకే కొరోల్ అనిరి. తమ ప్రభువులు క్నేజులు, తరువాత జారులు. స్లావులనుండి హంగేరియనులు ‘కిరాయ్’ అనియు, లిథువేనియనులు ‘కరాలియుస్’ అనియు, తురుష్కులు ‘క్రల్’ అనియు అదే మాటను ఎరువు తెచ్చుకొనిరి. బోహీమియాలో వాత్స్లావ్ అని నామకరణమైన రాజకుమారుడు ఫ్రెంచి ఆస్థానమున పెరుగుచు కారెల్ అను పేరు గైకొనెను. 1348లో ప్రాహాలో విశ్వవిద్యాలయము స్థాపించిన నాలుగవ చార్లెస్ ఆయనయే. చెక్కులు ఆయనను ‘క్రాల్ కారెల్’ అన్నప్పుడు ఒకే పేరు రెండుమార్లు పలుకుచుండిరి. షార్లమేన్‌కు అంకితముగా ప్రాహాలో దేవాలయము కట్టించిన ఆ రాజునకు ఆ సంగతి తెలియదు.

ఈ మాటల వర్తకమున ఎదురుసరకు ఏమి పోయినదో చెప్పక విడుచుట న్యాయము కాదు. స్లావులు పడమటివాని పేరును రాజపదముగా స్వీకరించిరి. పడమటివారు స్లావుల జాతినామమును తీసికొని బానిస అను అర్థమున వాడిరి. షార్లమేన్ తరువాతి శతాబ్దములలో ఎల్బ్ సరిహద్దునుండియు, ఏడ్రియాటిక్ తీరమునుండియు బందీలైన స్లావులు సంతలలో అమ్ముడుపోయిరి. ‘స్క్లావుస్’ అను జాతినామము లాటినులో క్రమముగా బానిసపేరయ్యెను. ఫ్రెంచి ‘ఎస్‌క్లావ్’, స్పానిషు ‘ఎస్‌క్లావొ’, ఇటాలియను ‘స్కియావొ’, ఇంగ్లీషు ‘స్లేవ్’ దానినుండి వచ్చినవే. వెనీసువారు మీ దాసుడనని మర్యాదకు చెప్పుకొన్న మాట నలిగి నలిగి ‘చావ్’ అయినది. తెలుగు చెవికి అశుభముగా తోచినను, నేడు ఇటలీలో మిత్రులు కలిసినప్పుడును విడిపోవునప్పుడును పలుకు కుశలవాక్యము అదియే. అందు ఒక జాతి సంకెళ్ల చప్పుడు కలదని అనువారికిని తెలియదు, వినువారికిని తెలియదు.

మాటలు గంభీరమైన దారినే నడచునన్న నియమము లేదు. బొరియలు త్రవ్వుకొను కుందేటిని రోమనులు ‘కునికులుస్’ అనిరి. స్పానిషు ‘కొనెహొ’, ఇటాలియను ‘కొనీలియొ’ ఆ మాట బిడ్డలు. అది జర్మను నేలకు పోయి ‘కూనిక్లిన్’ అయినది. దానిని విన్న స్లావులకు జర్మను భాషలో చిట్టిరాజు అను మాటవలె తోచెను. వెంటనే తమ రాజపదమునకు అల్పార్థప్రత్యయము చేర్చి అనువదించుకొనిరి. చెక్కున ‘క్రాలీక్’, పోలిషున ‘క్రూలిక్’, పోలిషునుండి రష్యనున ‘క్రోలిక్’. అనగా వెర్డెన్‌లో తలలు కొట్టించిన ప్రభువు పేరు ఆ దేశముల పిల్లలు గడ్డి తినిపించు కుందేటికిని అమరినది.

రొమాన్సు భాషలలో ఒక్క రుమేనియను మాత్రము స్లావుల నడుమ ఒంటరిగా పెరిగినది. లాటిను ‘ఇంపెరాతొర్’ను అది ‘ఇంపరాత్’ అని నిలుపుకొన్నది గాని, ‘రెక్స్’ను పోగొట్టుకొన్నది. ఆ ఖాళీలోనికి పొరుగు స్లావులనుండి ‘క్రాయ్’ వచ్చి చేరినది. పడమట లాటిను వ్రాతలలో పుట్టి పెరిగిన పేరు, స్లావుల యింట రాజై, తిరిగి లాటిను సంతతిలోని కడగొట్టు బిడ్డ చేతికి వచ్చినది. జానపదకథలలో క్రాయ్ అనగా రాజు, రాజకుమారుడు. క్రీస్తు శిశువును చూడవచ్చిన ముగ్గురు జ్ఞానులును క్రాయులే. పట్టణములలో ఆ మాట విలాసపురుషుడు, విటుడు అను అర్థమునకును జారినది. 1929లో మాతేయు కరజియాలె ప్రచురించిన ప్రసిద్ధ నవల పేరున అది ఆ చమత్కారముతో కనబడును. ఆకాశమున సన్నని క్రొత్త నెలవంకను రుమేనియనులు క్రొత్త క్రాయ్ అందురు.

1866లో రుమేనియా సింహాసనమునకు జర్మనీనుండి హోహెన్‌జొలర్న్ వంశపు రాకుమారుని పిలిపించిరి. ఆయన పేరు కార్ల్. రుమేనియను భాషలో కరోల్. 1881లో ఆ దేశము రాజ్యముగా ప్రకటితమయ్యెను. 1877 యుద్ధమున ప్లెవ్నా వద్ద పట్టుబడిన తురుష్కుల ఫిరంగి ఉక్కును కరగించి ఆయనకు కిరీటము చేయించిరి. రాజు అను అర్థమున క్రాయ్ జానపదుల మాట యగుటచే కాబోలు, అధికారపత్రములకు పండితులు లాటినునుండి క్రొత్తగా తెచ్చుకొన్న ‘రేజె’ అను మాటనే వాడిరి. ఆ పత్రములలో రేజె ప్రక్కన వ్రాసిన పేరు కరోల్.